చలికాలపు పోటీకి చిక్కటి బీరు: మండకూడదు, వెచ్చగా ఉండాలి

మా క్లబ్బు చలికాలపు పోటీకి నేను మొదటిసారి పంపిన బీరుకు 50కి 23 మార్కులు వచ్చాయి. ఆల్కహాల్ 10 శాతం దాటిందని, సీసాలకు మూతలు బిగించిన రోజు నుంచీ కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని తిరిగినవాణ్ణి. రుచి గురించి రాయాల్సిన గడిలో న్యాయనిర్ణేత పెన్సిలుతో ఒకే ఒక్క వాక్యం రాశారు: "వెచ్చగా లేదు, మండుతోంది."

పోటీ ముగిశాక గ్లాసులు కడిగే చోట ఆయనే ఎదురయ్యారు.

"ఎన్ని వారాల బీరండీ అది?"

"ఐదు వారాలండి."

"పులిసేటప్పుడు ఎంత వేడి మీద ఉంది?"

"చూడలేదండి."

చేతిలోని గ్లాసు బోర్లించి, "ఆ రెండే," అని వెళ్లిపోయారు.

ఆ రెండు మాటలూ నాకు ఒంటబట్టడానికి మూడు చలికాలాలు పట్టింది. ఒక గుక్క మింగి ఊపిరి వదిలితే ఛాతీలో మెల్లగా పరుచుకునేది వెచ్చదనం. గొంతును గీరుతూ, ముక్కుకు గోళ్ల రంగు వాసన కొడుతూ దిగేది మంట. మంటకు కారణం ఆల్కహాల్ శాతం ఒక్కటే అనుకుంటాం. అసలు దోషి చాలాసార్లు ఫ్యూజెల్ ఆల్కహాల్, అంటే మామూలు ఆల్కహాల్‌తో పాటు ఈస్టు పుట్టించే ఘాటైన బరువు ఆల్కహాల్. ఈస్టు చాలీచాలకుండా వేసినా, వేడి ఎక్కువైన చోట పులియబెట్టినా అది ఎక్కువగా పుడుతుంది. నిల్వ పెడితే కొంత మెత్తబడుతుంది కానీ పూర్తిగా పోదు. 9 శాతం బీరు పట్టులా దిగవచ్చు, 7 శాతం బీరు గొంతు కోయవచ్చు. ఇక్కడ చెప్పేదంతా ఆ తేడా గురించే.

నాలుగైదు మామూలు బీర్లు కాచి చేయి తిరిగిన వాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి మాష్ అంటే ఏమిటో, హైడ్రోమీటర్ ఎలా చదవాలో మొదటి నుంచి చెప్పను. ఇంట్లో బీరు కాయడానికి అనుమతి ఉందో లేదో, ఉంటే ఎంత వరకో ఒక్కో చోట ఒక్కో రకం. అది మాత్రం ముందే తెలుసుకోండి.

ఏ బీరు కాయాలి

చలికాలపు పోటీలో బల్ల మీదికి వచ్చేవి ప్రధానంగా ఇవి: ఇంగ్లీషు సంప్రదాయంలోని ఓల్డ్ ఏల్, బార్లీ వైన్, స్కాట్లండ్ వీ హెవీ, ఇంపీరియల్ స్టౌట్, జర్మనీ డోపెల్‌బాక్, బెల్జియం ముదురు రంగు స్ట్రాంగ్ ఏల్, మసాలా దినుసులు వేసిన వింటర్ బీర్లు.

డోపెల్‌బాక్ మీద నాకు ప్రేమ ఎక్కువ. మ్యూనిక్‌లో పౌలా సంప్రదాయపు సన్యాసులు ఉపవాస దినాల్లో దీన్ని తాగి కడుపు నింపుకునేవారని చెబుతారు. వాళ్ల బీరుకు 'సాల్వటర్' అనే పేరు స్థిరపడటంతో, తర్వాత ఆ రకం కాచిన వాళ్లు చాలామంది తమ బీర్ల పేర్లకూ చివర 'ఏటర్' తగిలించారు. కానీ అది లాగర్. పులియడానికి 10 డిగ్రీల చలి, ఆ తర్వాత నెలల తరబడి గడ్డకట్టే చలికి దగ్గరలో నిల్వ కావాలి. దానికోసం విడిగా ఒక ఫ్రిజ్ లేకపోతే ఆ జోలికి పోకండి.

ఇంపీరియల్ స్టౌట్ తప్పులను దాచిపెడుతుంది. మాడ్చిన మాల్టు చేదు, కాఫీ వాసన, నల్లటి రంగు కింద చిన్నాచితకా లోపాలు కనిపించవు. అందుకే పోటీల్లో ఆ వరుస ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది, అందులో నెగ్గుకురావడం కష్టం. బార్లీ వైన్‌లో పేరుకే వైన్, ద్రాక్ష చుక్క ఉండదు. 8 నుంచి 12 శాతం ఆల్కహాల్ ఉండే ఈ బీరులో లోపాలు దాచుకోవడానికి చోటే లేదు. మొదటి ప్రయత్నంలోనే 12 శాతం కాస్తానంటే ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టే.

నా సలహా ఓల్డ్ ఏల్. దీని ఆల్కహాల్ 5.5 నుంచి 9 శాతం వరకు ఉండవచ్చు. మాల్టు తీపి, ఎండు ద్రాక్ష, ఖర్జూరం లాంటి రుచులు దీనికి సహజం. నిల్వలో గాలి కొంచెం తగిలి షెర్రీ ఛాయ వచ్చినా న్యాయనిర్ణేతలు ముఖం చిట్లించరు. పైగా పై అంచున కాస్తే, అది కాస్త బరువెక్కినప్పుడు బార్లీ వైన్‌గానూ పంపుకోవచ్చు. ఆ వెసులుబాటు ఎందుకు పనికొస్తుందో చివర్లో చెబుతాను.

ముందు క్యాలెండర్, తర్వాతే కుండ

పోటీ తేదీ తెలియగానే దాని నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సీసాలో రెండు నెలలు, నిల్వ పాత్రలో మూడు నెలలు, పులియడానికి మూడు వారాలు. అంటే దాదాపు ఆరు నెలలు. చలికాలం మొదలయ్యాక చలికాలపు బీరు గుర్తుకొచ్చిందంటే అది వచ్చే ఏటి పోటీకే. నెల రోజులే మిగిలి ఉంటే 6 శాతం దగ్గర ఆగి, రంగు, మాల్టు రుచి దండిగా ఉన్న చిన్న ఓల్డ్ ఏల్ కాయండి. పచ్చి బార్లీ వైన్ కంటే పండిన చిన్న బీరుకే మార్కులు ఎక్కువ పడతాయి. ఆ గ్లాసులు కడిగే పని నాలుగేళ్లు నేనే చేశాను కనుక ఏవి ఖాళీగా వచ్చాయో, ఏవి సగం మిగిలి వచ్చాయో నాకు బాగా తెలుసు.

లెక్క

సీసాల్లోకి సుమారు 11 లీటర్లు వచ్చేలా రాస్తున్నాను. ఇంత బరువైన బీరును 20 లీటర్లు కాయాలంటే మామూలు ఇంటి పాత్రలో గింజలే పట్టవు.

లేత రంగు ఏల్ మాల్టు 5 కిలోలు, మారిస్ ఆటర్ అనే ఇంగ్లీషు బార్లీ రకం దొరికితే మరీ మంచిది. మ్యూనిక్ మాల్టు 750 గ్రాములు, మధ్యస్థ రంగు క్రిస్టల్ మాల్టు 350 గ్రాములు, చాక్లెట్ మాల్టు 100 గ్రాములు. మొత్తం 6.2 కిలోలు. చేదు కోసం 12 శాతం ఆల్ఫా ఆమ్లం ఉన్న మాగ్నం హాప్స్ 27 గ్రాములు, మరగడం ముగియడానికి గంట ముందు. వాసన కోసం ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ 20 గ్రాములు, 15 నిమిషాల ముందు. ఇంగ్లీషు ఏల్ డ్రై ఈస్టు 11 గ్రాముల ప్యాకెట్లు 2. గ్రావిటీ అంటే నీళ్లతో పోలిస్తే ద్రవం సాంద్రత, చక్కెర ఎంతుందో చెప్పే కొలత. తొలి గ్రావిటీ 1.090, తుది గ్రావిటీ 1.022 దగ్గర తేలాలి. ఆల్కహాల్ 9 శాతానికి కొంచెం తక్కువ. చేదు 50 ఐబీయూల (బీరు చేదును కొలిచే యూనిట్లు) చుట్టూ ఉంటుంది.

క్రిస్టల్ మాల్టు మీద చాలామందికి చేయి ఆగదు. చిక్కదనం దాని వల్లే వస్తుందని అర కిలో, ముప్పావు కిలో వేసేస్తారు. ఇంత బరువైన బీరులో పులియగా మిగిలే తీపి ఎలాగూ ఉంటుంది. దాని మీద ఇంకా క్రిస్టల్ పడితే రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. నిల్వ కొద్దీ హాప్స్ చేదు తగ్గుతుంది, తీపి మాత్రం అలాగే ఉంటుంది. అందుకే కాచిన రోజున చేదు ఒక పిసరు ఎక్కువ అనిపించడమే సరైన కొలత.

నీళ్లలో క్లోరిన్ ఉంటే క్యాంప్‌డెన్ బిళ్లతో (మెటాబైసల్ఫైట్ మాత్ర) ముందే తీసేయండి. లేకపోతే ఆరు నెలల కష్టానికి ఆసుపత్రి వాసన పడుతుంది.

కాచే రోజు

16 లీటర్ల నీళ్లు 73 డిగ్రీలకు కాగాక గింజల పిండి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. గింజలు గది వేడిమి మీద, సుమారు 20 డిగ్రీల దగ్గర ఉంటే మాష్ 66 డిగ్రీల వద్ద కుదురుకుంటుంది. నీళ్లకు గింజలు ఎక్కువ కావడంతో అది జావలా కాక ముద్దలా ఉంటుంది. మధ్యలో పొడి ఉండలు మిగిలిపోతాయి. తెడ్డుతో పాత్ర గోడకు అదిమి ఒక్కొక్క ఉండనూ చిదమండి. చేతులు నొప్పి పుడతాయి, పుట్టనివ్వండి. మూత పెట్టి, మందపాటి దుప్పటి చుట్టి గంటన్నర వదిలేయండి. 68 డిగ్రీలకు పోనివ్వకండి. చిక్కదనం కోసం వేడి పెంచాలని మామూలు బీర్ల గురించి చెప్పే సూత్రం ఇక్కడ బెడిసికొడుతుంది. ఇప్పటికే బరువుగా ఉన్న వర్ట్‌ను, అంటే గింజల నుంచి దిగిన తీపి రసాన్ని, ఈస్టు సగంలోనే వదిలేస్తుంది.

మామూలు బీరులో గింజల నుంచి 75 శాతం చక్కెర రాబట్టే మీ పాత్రే ఇక్కడ 60-65 దగ్గర ఆగిపోతుంది. గింజలు ఎక్కువ, కడిగే నీళ్లు తక్కువ. ఇది లోపం కాదు, లెక్కలో ఉన్నదే. పైన చెప్పిన 6.2 కిలోలు అది తీసేశాక వచ్చిన కొలతే.

మొదట దిగే చిక్కటి వర్ట్‌లోంచి 2 లీటర్లు విడిగా వెడల్పాటి గిన్నెలోకి పట్టుకోండి. మిగిలింది పెద్ద పాత్రలోకి వెళ్తుంది. గింజల మీద 75 డిగ్రీల నీళ్లు 8 లీటర్లు మెల్లగా పోసి కడిగితే, రెండు పాత్రల్లోనూ కలిపి 18 లీటర్ల దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత కూడా పిప్పిలో తీపి మిగిలే ఉంటుంది. ఇంకో 6 లీటర్లు పోసి పిండుకుంటే 3 శాతం లోపు ఆల్కహాల్‌తో చిన్న బీరు వస్తుంది. ఒకే మాష్ నుంచి బలమైనదీ బలహీనమైనదీ రెండు బీర్లు తీయడం ఇంగ్లండులో పాత అలవాటు. పెద్ద బీరు పండే ఆరు నెలలూ తాగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇక గిన్నెలోని 2 లీటర్లు. ఈ బీరు ప్రాణం అంతా ఇక్కడే ఉంది. పెద్ద మంట మీద పెట్టి అర లీటరు అయ్యే దాకా మరిగించాలి. మొదటి పావుగంట తెల్లటి పల్చని నురగ, పొంగడమే దాని పని. తర్వాత నురగ చచ్చి బుడగలు పెద్దవవుతాయి. రంగు తేనె నుంచి రాగిలోకి దిగుతుంది. ముప్పావు గంట దాటాక బుడగలు పైకి లేవడానికి బద్ధకిస్తాయి, ఒక్కొక్కటే ఉబ్బి చిట్లుతుంది. చెంచా ముంచి వెనక వైపు వేలితో గీస్తే గీత నిలవాలి. అంటే తీగ పాకానికి ఒక అడుగు ముందు. కాల్చిన రొట్టె అంచు, ఎండు అత్తి పండు కలిసిన వాసన వంటగదిని దాటి పక్క గదిలోకి పోతుంది. అప్పుడు మంట ఆర్పి ఆ పాకాన్ని పెద్ద పాత్రలో కలిపేయాలి. క్రిస్టల్ మాల్టు అరువు తెచ్చే తీపి ఇది కాదు. చక్కెర, ప్రొటీన్లు కలిసి వేడికి పుట్టించే రంగు, రుచి ఇది. వీ హెవీ కాచేవాళ్లలో చాలామంది చేసే పనే.

చివరి ఐదు నిమిషాలు గిన్నె దగ్గర నుంచి కదలకండి. రెండో ఏడు సరిగ్గా అప్పుడే ఫోను మోగితే పక్క గదిలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అడుగు మాడింది. వాసన పెద్దగా తెలియలేదు కదా అని కలిపేశాను. ఆరు నెలల తర్వాత నా మార్కుల కాగితం మీద 'బూడిద' అన్న మాట రెండుసార్లు, రెండు వేర్వేరు చేతిరాతల్లో ఉంది. మాడితే పారబోయండి. అర లీటరు పోతుంది, బీరు దక్కుతుంది.

పెద్ద పాత్రను గంటన్నర మరిగించండి. గంటకు రెండున్నర లీటర్లు ఆవిరయ్యే పొయ్యి మీద చివరికి 13 లీటర్లు మిగులుతుంది. అడుగు మడ్డి పోగా 12 లీటర్లు పులియబెట్టే పాత్రలోకి వెళ్తుంది. మీ పొయ్యి వేగం వేరైతే సమయం మార్చుకోండి. లీటర్లు, గ్రావిటీ కుదరాలి, గడియారం కాదు.

ఈస్టు, గాలి, చలి

మంటకూ వెచ్చదనానికీ మధ్య గీత పడేది ఇక్కడ, మొదటి మూడు రోజుల్లో.

1.090 వర్ట్ అంటే ఈస్టుకు తీపి సముద్రం. దాన్ని ఈదడానికి సైన్యం కావాలి. ఒక్క ప్యాకెట్ వేస్తే ఉన్న కాసిని కణాలు ఎడాపెడా పెరగడానికే శ్రమపడతాయి, ఆ పెరుగుదలలో ఫ్యూజెల్ పుడుతుంది. రెండు ప్యాకెట్లూ వేయండి. 220 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీళ్లలో, 30 డిగ్రీలు దాటి 35 లోపు ఉండగా, పావుగంట నానబెట్టి, తర్వాత కాస్త వర్ట్ కలిపి చల్లబరిచి పోయండి. ఇంతకంటే మంచి మార్గం ఒకటుంది. రెండు వారాల ముందు 1.040 గ్రావిటీ ఉన్న చిన్న బీరు ఒకటి కాచి, దాన్ని సీసాల్లోకి పట్టిన రోజునే పెద్ద బీరు కాయడం. పాత్ర అడుగున మిగిలిన తాజా ఈస్టు మడ్డిలో సగం తీసి కొత్త వర్ట్‌లో వేస్తే అది సాయంత్రానికల్లా లేస్తుంది. నేను ఇప్పుడు అలాగే చేస్తాను. ప్యాకెట్ ఈస్టు నిద్ర లేచి వస్తుంది, మడ్డి ఈస్టు పనిలోంచే పనిలోకి వస్తుంది.

గాలి కూడా కావాలి. వర్ట్ చల్లారాక, ఈస్టు వేసే ముందు మాత్రమే. శుద్ధి చేసిన పాత్రలో మూత బిగించి పది నిమిషాలు ఊపండి. ఆక్సిజన్ సిలిండర్, సన్న రంధ్రాల రాయి ఉంటే ఒక నిమిషం చాలు. బీరు జీవితంలో గాలి మేలు చేసేది ఈ ఒక్కసారే. పులియడం మొదలయ్యాక చివరి సీసా వరకు అది శత్రువే.

ఈస్టు వేసేటప్పుడు వర్ట్ 17 డిగ్రీల దగ్గర ఉండాలి. మూడు రోజులు 18 దాటనివ్వకండి. గది ఎంత చల్లగా ఉంది అన్నది కాదు ప్రశ్న. పులిసే బీరు తనలో తానే వేడి పుట్టించుకుని గది కంటే నాలుగైదు డిగ్రీలు పైన ఉంటుంది. థర్మామీటరును పాత్ర పక్కకు అంటించి, దాని మీద గుడ్డ మడత కట్టి చదవండి. ఫ్రిజ్ లేకపోతే పాత్రను నీళ్ల తొట్టిలో నిలబెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేస్తూ ఉండండి. నా మొదటి 23 మార్కుల బీరును మూసిన గదిలో మూలకు నెట్టి వదిలేశాను. పాత్ర మీద చేయి పెడితే వెచ్చగా తగిలింది. 'బాగా పులుస్తోంది' అని సంతోషించాను కూడా.

లోపలి గ్యాసును వదిలి బయటి గాలిని ఆపే ఎయిర్‌లాక్ బదులు లావుపాటి గొట్టం పెట్టి దాని కొసను నీళ్ల సీసాలో ముంచండి. 12 లీటర్లకు 20 లీటర్ల పాత్ర వాడినా నురగ పైకి వస్తుంది. మూత ఎగిరి, పైకప్పుకు గోధుమ రంగు చుక్కలు అంటుకున్న ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఎవరిదో చెప్పను.

నాలుగో రోజు నుంచి రోజుకు ఒక డిగ్రీ చొప్పున 21 వరకు పెంచండి. అప్పటికి ఫ్యూజెల్ పుట్టే దశ దాటిపోతుంది. ఇప్పుడు ఈస్టు పని పూర్తి చేయాలి, అందుకు వెచ్చదనం కావాలి. నా పుస్తకంలో ఒక మంచి ఏడు లెక్క ఇలా ఉంది: మూడో రోజు 1.056, ఏడో రోజు 1.030, పదో రోజు 1.025, పదహారో రోజు 1.022, ఇరవయ్యో రోజు అదే. 1.035 దగ్గర ఆగిపోతే పాత్రను మెల్లగా తిప్పి అడుగు ఈస్టును లేపండి, వెచ్చగా ఉంచండి, వారం ఓపిక పట్టండి. ఆగిపోయిన బీరును సీసాల్లో పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు. తర్వాత ఈస్టుకు మెలకువ వస్తే సీసాలు పగులుతాయి, గాజు ముక్కలకు మన ముఖం ఏమిటో తెలియదు. మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా అంకె మారకూడదు. ఈ కొలతకు రిఫ్రాక్టోమీటర్ వద్దు, ఆల్కహాల్ చేరాక అది నేరుగా నిజం చెప్పదు. హైడ్రోమీటర్ వాడండి.

మూడు నెలల మౌనం

బీరును మడ్డి నుంచి వేరు చేసి, గాజు జాడీలోకో స్టీలు కెగ్‌లోకో మెడ దాకా నింపండి. గొట్టం కొస అడుగుకు తగిలేలా పెట్టి చప్పుడు లేకుండా పట్టాలి. చప్పుడైందంటే గాలి కలుస్తోందని. ప్లాస్టిక్ డబ్బా నెలలు నిల్వ పెట్టడానికి పనికిరాదు, దాని గోడల గుండా గాలి చొరబడుతుంది. 12 డిగ్రీల దగ్గర, చీకటిలో ఉంచండి. ఎయిర్‌లాక్‌లో నీళ్లు ఆరిపోకుండా చూసుకోండి. అంతకు మించి పని లేదు, ఏదో ఒకటి చేయాలనిపించడమే ఇక్కడి అసలు ప్రమాదం. వారానికోసారి మూత తీసి రుచి చూసేవాళ్ల బీరుకు పోటీ నాటికి తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. నెలకు ఒక్కసారి, ఒక్క చెంచా చాలు.

ఆ చెంచాలో మొదటి నెల చేదు, తీపి, ఆల్కహాల్ ఒకరికొకరు తెలియని ముగ్గురిలా విడివిడిగా నిలబడి ఉంటాయి. రెండో నెలలో చేదు అంచులు అరుగుతాయి. మూడో నెలలో మాల్టు రొట్టె రుచి వెనక్కి తగ్గి ఎండు పండ్లు ముందుకొస్తాయి, ఆల్కహాల్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఓక్ ముక్కలు వేయాలనుకుంటే 10 గ్రాములు, ఆవిరి పట్టించి, చివరి మూడు వారాలు. చెక్క రుచి వచ్చిన మరునాడు కాదు, వస్తోందని అనుమానం కలిగిన రోజే తీసేయండి.

మసాలాలు వేసే వాళ్లకు

నేను పెద్దగా వేయను. దాల్చిన చెక్క వాసన తప్ప బీరు ఎక్కడుందో తెలియని గ్లాసులు చాలా చూశాను. వేయాలనే ఉంటే మరిగే వర్ట్‌లో మాత్రం వేయకండి, పడిందాన్ని వెనక్కి తీయలేరు. 60 మిల్లీలీటర్ల వోడ్కాలో ఒక దాల్చిన చెక్క, రెండు లవంగాలు, తెల్లని పొర అంటకుండా గీసిన కాస్త నారింజ తొక్క వారం నానబెట్టి వడకట్టండి. లవంగం రెండుకు మించితే పంటి నొప్పి మందు గుర్తుకొస్తుంది. నాలుగు గ్లాసుల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున బీరు పోసి, సూది లేని సిరంజితో వరుసగా 0.1, 0.2, 0.3, 0.4 మిల్లీలీటర్లు కలపండి. మసాలా పేరు చెప్పగలిగిన మొదటి గ్లాసు ఏదో చూసి, దానికి ముందున్న గ్లాసు కొలత తీసుకోండి. 0.2 నచ్చితే 11 లీటర్లకు 22 మిల్లీలీటర్లు.

సీసాలు

11 లీటర్లకు 50 గ్రాముల చక్కెర, కొంచెం నీళ్లలో మరిగించి చల్లార్చింది. దానితో రెండు గ్యాస్ వాల్యూముల దగ్గర, అంటే లీటరు బీరులో రెండు లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరిగినంత, తేలుతుంది. బరువైన బీరుకు అంతకంటే బుడగలు వద్దు, నాలుకను గుచ్చితే వెచ్చదనం తెలియదు. మూడు నెలల నిల్వలో పాత ఈస్టు అలిసిపోయి ఉంటుంది కాబట్టి సీసాల కోసం అమ్మే డ్రై ఈస్టు 2 గ్రాములు నానబెట్టి కలపండి. ఈ పని మానేసిన ఏడు నా సీసాలు మూడు నెలలైనా నురగ లేకుండా చప్పగానే ఉన్నాయి. 20 డిగ్రీల దగ్గర మూడు వారాలు, ఆ తర్వాత చల్లని చోట. 330 మిల్లీలీటర్ల సీసాలు 32 దాకా వస్తాయి.

పోటీకి పంపేటప్పుడు

బీరు ఏ పేరుతో కాచామన్నది న్యాయనిర్ణేతకు తెలియదు, గ్లాసులో ఏముందో అదే తెలుసు. బార్లీ వైన్‌గా కాచిన బీరును బార్లీ వైన్‌గా పంపితే ఒకసారి 29 వచ్చింది, 'ఈ రకానికి పల్చన' అన్నారు. అదే పెట్టెలోని సీసాలను రెండు నెలల తర్వాత మరో పోటీకి ఓల్డ్ ఏల్‌గా పంపితే 37 వచ్చింది. అందుకే దరఖాస్తు నింపే ముందు ఒక సీసా తెరిచి, దాని గురించి ఏమీ తెలియని ఇద్దరికి పోయండి. వాళ్లు ఏ పేరు చెబితే ఆ విభాగం. మసాలాలు, ఓక్ వాడితే దాచకుండా రాయండి. రాయని దాల్చిన చెక్కను దోషంగా లెక్కేస్తారు, రాసినదాన్ని వెతుక్కుని మెచ్చుకుంటారు.

బీరు న్యాయనిర్ణేతలకు గుర్తింపు ఇచ్చే సంస్థ బీజేసీపీ పద్ధతిలో 50 మార్కుల్లో వాసనకు 12, రంగూ నురగకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. రంగు తేటగా లేదని బెంగపడి ఫిల్టర్ల కోసం పరుగెత్తేవాళ్లు ఆ 3 అంకెను ఒకసారి చూడాలి. ఆ హడావిడిలో గాలి కలిస్తే 20లో పోయేదే ఎక్కువ.

పంపే సీసాలను వారం ముందే నిలువుగా పెట్టి మడ్డి దిగనివ్వండి. మెడలో నిండుదనం అన్నిటికీ ఒకేలా ఉన్నవి ఏరండి. సీసా మీద గుర్తులు, మూత మీద బొమ్మలు ఉండకూడదు. వడ్డించే వాళ్లతో మాట్లాడే వీలుంటే ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీయమని అడగండి. 5 డిగ్రీల చలిలో ఓల్డ్ ఏల్ నోరు విప్పదు, 12 దగ్గర మాట్లాడుతుంది.

మిగిలిన సీసాల్లో ఆరు పక్కన పెట్టి, మూతల మీద కాచిన నెల, సంవత్సరం చెరగని సిరాతో రాయండి. నా అల్మరాలో రాత లేని మూతల సీసాలు పద్నాలుగు ఉన్నాయి. వాటిలో ఏది మాడినదో, ఏది 37 తెచ్చినదో ఇప్పుడు తెరిస్తే తప్ప తెలియదు.